కంటిచూపు, కాలినడక

పాడేరునుండి అరకులోయకు పోవు మార్గమున, తూర్పు కనుమల ఎత్తుపల్లముల నడుమ నున్న హుకుంపేట మండలమున ఏ పనికైనను నడకయే మొదలు. పొలమునకు పోవలెనన్నను, గెడ్డ దాటి ఊటనీరు తేవలెనన్నను, పసుపును రాజ్‌మా గింజలను కొండచీపుళ్లను మోసికొని వారపుసంతకు చేరవలెనన్నను, ఆవలి కొండమీది పల్లెలో నున్న ఆడబిడ్డను చూచి రావలెనన్నను, బగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, కొందులు మొదలగు ఈ మన్యపు జనులు తరతరములుగా తమ కాళ్లనే నమ్ముకొని బ్రదుకుచున్నారు. ఆ కాళ్లు కన్నులను నమ్ముకొని యున్నవను సంగతి చూపు చెడిన తరువాత గాని ఎవరికిని స్ఫురింపదు.

ఈ అధ్యాయమున నేను చెప్పబూనినది ఒక్క విషయమే. చూపుమాంద్యమును మనము కంటికి మాత్రమే చెందిన బాధగా లెక్కించి, మనిషి అన్నము తినగలుగుచున్నంత కాలము, నాలుగు మాటలు మాటలాడగలుగుచున్నంత కాలము ఆరోగ్యవంతుడే యని సమాధానపడుచున్నాము. వాస్తవమున చూపు తగ్గినవాడు మొదట పోగొట్టుకొనునది నడక. నడకతో పాటు బలము పోవును. బలముతో ఆకలియు నిద్రయు పోవును. ఆ వెనుక నలుగురి సాంగత్యమును, తన పని తాను చేసికొనగలనను ధైర్యమును సన్నగిల్లును. కావున ఇంటిలోని పెద్దవారి కంటిని పరీక్ష చేయించుటయనగా వారి దేహమునంతటిని పరీక్ష చేయించుటయే యని గ్రహింపవలెను.

పల్లెలలో తరచుగా జరుగు క్రమము ఇట్టిది. అరువది యేండ్లు దాటిన ఇల్లాలు మొదట చీకటి పడిన తరువాత ఇల్లు కదలుట మానును. కొన్ని మాసములకు వానకాలమున గెడ్డలోని రాళ్లమీద కాలు మోపుటకు జంకును. ఆపైన సంతకు పోవుట మానును. మత్స్యగుండమున శివరాత్రి తీర్థమునకు ఇంటివారందరును పోవుచుండగా తాను మాత్రము ఇంటికాపు ఉండెదనని చెప్పును. ఇంటివారు దీనినంతటిని చూచి “అవ్వకు వయసు మీదపడినది, ఓపిక తగ్గినది” యని నిశ్చయించి, ఆమె చేతిలోని బిందె తీసికొని, పొయ్యిదగ్గర కూర్చుండబెట్టి, పసిబిడ్డను ఒడిలో పెట్టుదురు. ఆ ఆదరమున కల్మషము లేదు. కాని ఓపిక తగ్గుటచేత ఆమె నడక మానలేదు; కనబడక మానినది, మానుటచేత ఓపిక తగ్గినది. కారణమును కార్యముగను, కార్యమును కారణముగను తారుమారు చేసికొనుటవలన ఎందరు పెద్దలు చికిత్సకు లొంగు జబ్బుతో ముసలితనమను పేర మూలపడి యున్నారో చెప్పనలవి కాదు.

దేహము నిటారుగా నిలుచుటకు మూడు ఆధారములు కలవు: లోపలిచెవిలోని సమతాజ్ఞానము, పాదములయందును కీళ్లయందును గల స్పర్శజ్ఞానము, కన్ను. యౌవనమున నొకటి తగ్గినను తక్కిన రెండును ఆ లోటు తీర్చును. వార్ధక్యమున మూడును క్షీణించుచుండగా భారమంతయు కంటిమీద పడును; చక్కెరవ్యాధిచేత పాదములు తిమ్మిరెక్కినవారి మాట చెప్పనక్కరలేదు. కొండవాలున నెత్తిమీద బరువుతో దిగువారు పాదములవంక వంగి చూడజాలరు. నాలుగడుగుల ముందున్న రాతిని కంటితో పట్టి, దాని ఎత్తును మనస్సున నిలుపుకొని, ఆ జ్ఞాపకముమీద కాలు మోపుదురు. శుక్లము క్రమ్మిన కంటికి రాయి కనబడకపోదు. రాతికిని దాని నీడకును గల భేదము కనబడదు. మెట్టు అంచును, గట్టు అంచును, పాచిపట్టిన బండ అంచును చెరిగిపోవును. మంచు దట్టముగా దిగు శీతకాలపు ఉదయములందును, దీపము లేని సందెవేళలందును ఈ ప్రమాదము మరింత హెచ్చు.

పడినచో వృద్ధులకు తుంటియెముక విరుగుట సర్వసాధారణము. రోడ్డు లేని పల్లెనుండి అట్టివారిని డోలీ గట్టి, భుజములు మార్చుకొనుచు, అంబులెన్సు నిలిచియున్న చోటివరకు మోసికొని వచ్చుట ఈ కొండలలో క్రొత్త దృశ్యము కాదు. మంచము పట్టిన పిదప వీపున పుండ్లు పడుట, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుట, కాలి నరములలో రక్తము గడ్డకట్టుట మొదలగునవి ఒకదాని వెంట నొకటి వచ్చును. అప్పుడు వైద్యుడు వ్రాయు రోగముల పట్టికలో కంటిపేరు ఎక్కడను ఉండదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామునందు డెబ్బది యేండ్లు దాటిన 306 మంది స్త్రీలను రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు శుక్లపు శస్త్రచికిత్సను వెంటనే చేసి, రెండవ తెగవారిని మామూలు వరుసలో వేచియుండనిచ్చి పరిశీలించిరి. 2005లో ప్రకటితమైన ఆ పరిశోధనలో, వెంటనే చికిత్స పొందినవారు పడిపోవుట తక్కినవారికంటె నూటికి 34 వంతులు తగ్గినది; ఎముకలు విరుగుటయు తగ్గినది. చదునైన బాటలు, మెట్లకు చేతిపట్టీలు గల దేశముననే ఇంత భేదము కనబడినపుడు, గెడ్డరాళ్లమీద నడచువారికి కన్నెంత అవసరమో పాఠకులే ఊహింపగలరు.

పడుటకంటె పడుదునను భయమే ఎక్కువమందిని చెరుచునని నా అభిప్రాయము. భయపడినవాడు అడుగులు తగ్గించును. అడుగులు తగ్గినకొలది తొడల కండరములు కరగును. కండరములు కరగినవాడు నిజముగనే పడును. కదలిక లేని దేహమున రక్తపుపోటును చక్కెరయు అదుపు తప్పును. ఇంతకంటె సూక్ష్మములైన నష్టములు కొన్ని కలవు. రాత్రివేళ బయటికి పోవుటకు దారి కనబడదను భయమున పొద్దుగ్రుంకిన తరువాత నీరు త్రాగుట మానిన వృద్ధులు ఎందరో కలరు. మలబద్ధకమును, మూత్రమున మంటయు, నీరసమును ఆ దాహమునుండి పుట్టినవే. పళ్లెములో ఏమున్నదో తెలియక, అడుగుటకు సిగ్గుపడి, అర్ధాకలితో లేచువారును కలరు. ఆసుపత్రినుండి తెచ్చిన రెండు రకముల తెల్లమాత్రలలో ఏది పోటునకు, ఏది నొప్పికి అన్నది పోల్చుకొనలేక ఒకదానికి బదులు మరియొకటి మ్రింగుటయు కలదు. కంటిలో ప్రవేశించు వెలుతురే దేహమునకు పగటిని రాత్రిని తెలిపి నిద్రవేళలను నియమించును గనుక, ఆ వెలుతురు తగ్గినవారికి నిద్ర చెడుటలో వింత లేదు.

మనస్సు సంగతి వేరుగ చెప్పవలెను. ఎదుటివాని ముఖము పోల్చుకొనలేనివాడు పలుకరించుటకు వెనుదీయును. ఊరివారు దానిని గర్వమనియో మతిమరుపనియో తలతురు. మాటలు తగ్గి, పని తగ్గి, ఒంటరితనము పెరిగినచోట విషాదము తావు చేసికొనును. మతిభ్రంశమును నివారించు మార్గములను పరిశీలించిన లాన్సెట్ వైద్యపత్రికవారి సంఘము 2024లో ప్రకటించిన నివేదికయందు, నివారింపదగిన 14 కారణములలో చికిత్స చేయని చూపుమాంద్యమును క్రొత్తగ చేర్చినది. అవ్వ మతి తప్పినదని నిశ్చయించుటకు ముందు అవ్వకు కనబడుచున్నదా యని చూడుట వివేకము.

మన తెలుగునేలపైననే జరిగిన పరిశోధన యొకటి కలదు. విరాళమిచ్చిన చలనచిత్ర దర్శక నిర్మాత పేర 1987లో హైదరాబాదున వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థవారు, 1996నుండి 2000వరకు హైదరాబాదు నగరమునను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలయందును అన్ని వయస్సులవారిని కలిపి 10,293 మందిని పరీక్షించిరి. అప్పటి ప్రమాణమునుబట్టి నూటికి 1.84 వంతున అంధత్వము తేలినది. పదేండ్లు గడచిన పిదప ఆ జిల్లాల పల్లెలకే మరల పోయి చూడగా, తొలిసారి చూపు కోల్పోయియున్నవారిలో మరణించినవారి పాలు తక్కినవారికంటె ఎక్కువగా నుండెను. కన్ను పోయినంతనే ప్రాణము పోవునని దీని యర్థము కాదు. పైన చెప్పిన మెట్లన్నియు ఒకదాని క్రింద నొకటి దిగజారి అక్కడికి చేర్చుచున్నవని మాత్రము నేను గ్రహించితిని.

ఇక కారణములలో శుక్లమునకు పెద్దపీట వేయక తప్పదు. 2015నుండి 2019వరకు మనదేశమున జరిగిన జాతీయ పరిశీలనలో, ఏబది యేండ్లు దాటినవారి అంధత్వమున మూడింట రెండువంతులకు శుక్లమే కారణమని తేలినది. కంటిలోపలి కటకము వయస్సుతో మసకబారుటయే శుక్లము. పొగాకును, చక్కెరవ్యాధియు, తీక్ష్ణమైన ఎండయు దానిని తొందరపెట్టును. పొగచూరిన ఇంటిలో కట్టెలపొయ్యిముందు ఏండ్లతరబడి కూర్చున్న స్త్రీలకు శుక్లము హెచ్చుగా వచ్చుచున్నదని మనదేశపు అధ్యయనములు తెలిపినవి. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని కాల్చు అడ్డపొగ ఉత్తరాంధ్ర స్త్రీలలో ఇంకను మిగిలియున్నది గనుక వారికి ఈ హెచ్చరిక రెట్టింపు. సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తునగల ఈ పీఠభూమిమీద అతినీలలోహిత కిరణముల తీక్ష్ణత మైదానములకంటె కొంత ఎక్కువ. చల్లగా నున్నది గదా యని ఎండను లెక్కచేయనివారు తలకు గిడుగో, అంచుగల టోపీయో వాడుట మంచిది.

శుక్లమునకు చుక్కలమందు లేదు, పసరు లేదు, పథ్యము లేదు; శస్త్రచికిత్స యొక్కటే మార్గము. మసకబారిన కటకమును తీసి కృత్రిమ కటకమును అమర్చు ఈ పని అనుభవజ్ఞుడైన వైద్యునికి పది యిరువది నిమిషములది. కన్ను మాత్రమే మొద్దుబారునట్లు మందిత్తురు. 1976లో ఆరంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో దీనిని ఉచితముగా చేయుదురు. విశాఖపట్టణమున ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాల యున్నది, ధర్మబుద్ధితో నడచు కంటి ఆసుపత్రులును కలవు. “శుక్లము బాగుగ ముదిరిన పిదప చేయించుకొనవచ్చును” అను మాట పూర్వకాలపు పద్ధతికి చెందినది, నేడది హానికరము. ముదిరిన శుక్లము గట్టిపడి చికిత్సను కష్టతరము చేయును, ఒక్కొక్కప్పుడు కంటిలో ఒత్తిడి పెంచి ఉన్న చూపునుకూడ హరించును. రోజువారీ పనికి అడ్డు తగులుటయే చికిత్సకు తగిన సమయము. చలికాలమునందే చేయించవలెననుటయు అపోహయే.

చికిత్స ఉచితమైనను పెద్దలు రాకపోవుటకు డబ్బు ఒక్కటే కారణము కాదు. ఘాటురోడ్డు మలుపులలో వాంతులు చేసికొనుచు ఎరుగని నగరమునకు పోవుట, వెంట వచ్చిన కొడుకు కూలి పోవుట, కువి భాషయో ఆదివాసీ ఒడియాయో తప్ప తెలుగు సరిగ రాని తల్లికి ఆసుపత్రివారి మాట బోధపడకపోవుట, ఇవియన్నియు నిజమైన అడ్డంకులే. అందుచేత ఒక్కరుగా పోక, ఊరిలో చూపు తగ్గినవారిని ముగ్గురు నలుగురిని కూడగట్టుకొని, రెండు భాషలు తెలిసిన ఒకరిని వెంటబెట్టుకొని పోవుట ఉత్తమము. ఆశా కార్యకర్తకు ముందుగా చెప్పినచో కంటిశిబిరపు తేదీని, ఆసుపత్రివారు పంపు వాహనముండినచో దాని సంగతిని ఆమె కనుగొనగలదు. పోటు, చక్కెర మందులను, ఆధారు కార్డును మరువరాదు.

తిరిగివచ్చిన తరువాతి కొన్ని వారములే కీలకములు. చుక్కలమందును వైద్యుడు చెప్పిన వేళలకు, చేతులు సబ్బుతో కడుగుకొని, సీసామూతి కంటికి తగులనీయక వేయవలెను. వేళలు మరచిపోకుండ భోజనవేళలతో ముడిపెట్టుట సులభోపాయము. వైద్యుడు అనుమతించువరకు గెడ్డలో తలస్నానము, పొయ్యిపొగ, నెత్తిబరువు, కంటిని నలుపుట కూడదు. నొప్పి, ఎరుపు, చీము, ఉన్నట్టుండి చూపు తగ్గుట, వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారనిత్తమని ఆగక ఆనాడే ఆసుపత్రికి చేరవలెను. మరియొక మాట: క్రొత్తగా కళ్లద్దములు పెట్టుకొనినవారికి తొలిదినములలో నేల దగ్గరగానో దూరముగానో తోచి కాలు తడబడును, వాకిటిలో రెండుమూడు దినములు తిరిగి అలవాటు పడిన పిదపనే కొండదారి పట్టవలెను. దూరమునకు దగ్గరకు కలిపి ఒకే అద్దమున చేసినవానికి క్రిందిభాగమున మెట్లు మసకగా కనబడును గనుక, వాలుదారిలో దూరపుచూపు అద్దములే క్షేమము.

నలువది దాటినవారికి దగ్గరి వస్తువులు మసకబారు చత్వారమును మనము చదువుకొన్నవారి బాధగా ఎంచుచున్నాము. అక్షరము రానివారికి అద్దములెందుకని పరిహసించువారును కలరు. అస్సాములోని తేయాకు తోటలయందు నలువది యేండ్లు దాటిన 751 మంది కూలీలపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధన ఈ పరిహాసమునకు సమాధానము. వారిలో సగముమందికి దగ్గరచూపు అద్దములిచ్చి, తక్కినవారికి పరిశోధన ముగియువరకు ఈయక చూడగా, అద్దములు పెట్టుకొనినవారు కోసిన ఆకు నూటికి 21.7 వంతులు అధికమయ్యెను. మన కొండలలో సిల్వర్‌ఓక్ చెట్ల నీడను పెరుగు కాఫీ పండ్లలో ఎర్రగ పండినదానినే ఏరి కోయవలెను. పచ్చికాయ కలిసినచో ధర తగ్గును. బియ్యములో రాళ్లేరుటకును, అడ్డాకులు కుట్టుటకును, బిడ్డ కాలిలోని ముల్లు తీయుటకును దగ్గరచూపే కావలెను. స్వల్పమైన వెలకు దొరకు ఒక జత అద్దములు ఇంటి ఆదాయమును నిలుపునపుడు, వానిని ఆడంబరమనుట అవివేకము.

కంటిలో ముల్లు గీరుకొనుట, నూర్పిళ్లవేళ వరిపొట్టు పడుట ఇచ్చట నిత్యకృత్యములు. నల్లగ్రుడ్డుమీద చిన్న గీత పడినపుడు ఆకుపసరో, ఆముదమో, చనుబాలో పోయుటవలన సూక్ష్మజీవులు చేరి పుండుపడి, పువ్వు వేసి, కన్ను శాశ్వతముగా పోవుచున్నది. శుక్లమువలె దీనిని తేలికగా బాగుచేయుట సాధ్యము కాదు. నేపాలులోని భక్తపూరున గ్రామ ఆరోగ్య కార్యకర్తలే కంటిలో గీత పడినవారిని గుర్తించి మూడుదినములపాటు యాంటీబయాటిక్ లేపనము వేయగా, 442 మందిలో 96 శాతమునకు పుండుపడకుండ మానినదని 2001లో ప్రకటించిరి. ఆ లేపనము ఆరోగ్యకేంద్రమున దొరకును. దెబ్బ తగిలిననాడే పోవుట ముఖ్యము. దుకాణములో అడిగి తెచ్చిన ఏదో యొక చుక్కలమందు మాత్రము ప్రమాదకరము. దానిలో స్టిరాయిడు ఉండినచో బూజుపుండును మరింత ముదిర్చును.

పిల్లల విషయము సంగ్రహముగా చెప్పెదను. సందెవేళ పిల్లవాడు తడుముకొనుచున్నచో అది రేచీకటి. ‘ఏ’ విటమిను లోపము దానికి మూలము. తొమ్మిదవ మాసమున లక్ష యూనిట్లు, పిమ్మట ఐదేండ్లు నిండువరకు ఆరేసి మాసములకు రెండేసి లక్షల యూనిట్లు ఉచితముగా ఇత్తురు; మునగాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడి, మామిడిపండ్లు ఇంటివద్దనే లభించును, ఆకుకూరను కొంచెము వలిసెల నూనెతో వండినచో ఆ విటమిను దేహమునకు బాగుగ పట్టును. ఇక పెద్దల విషయమున, నీటికాసులు, చక్కెరవ్యాధివలన కంటి వెనుకపొరకు కలుగు హాని, నొప్పి లేకుండ చూపును హరించును; పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నదానిని నిలుపుకొనవచ్చును; కావున నలువది దాటినవారును, చక్కెర గలవారును ఏటేట పరీక్ష చేయించుకొనవలెను.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి కలదు. పెద్దవారిని వాకిటిలో వెలుతురున కూర్చుండబెట్టి, మూడు మీటర్ల దూరమున, అనగా పెద్ద అంగలు మూడిటి దూరమున నిలిచి, ఒక కంటిని అరచేతితో పూర్తిగ మూయించి, మీ వ్రేళ్లు చూపి లెక్క అడుగుడు. తరువాత రెండవ కంటిని. రెండును తెరచియుండగా చూచుటచేత ఒక కన్ను పూర్తిగ పోయినను సంవత్సరములపాటు తెలియకుండుట సామాన్యము. కళ్లద్దములతోనైనను మంచికంటితో ఆ దూరమున వ్రేళ్లు లెక్కింపలేనివారిని మన ప్రభుత్వము 2017లో మార్చిన నిర్వచనము ప్రకారము అంధులుగ పరిగణింతురు. ఆ దూరమున లెక్కింపగలిగినంత మాత్రమున చూపు బాగున్నదని సంతసింపరాదు. ఆరు మీటర్లకు జరిగి మరల అడుగుడు. అక్కడ తడబడినను ఆరోగ్యకేంద్రమునకు పోవలసినదే.

చికిత్సకు లొంగని చూపుమాంద్యము గలవారి సంగతి మిగిలియున్నది. వారి ఆరోగ్యమునకు ప్రథమ సూత్రము కదలిక. ఇంటినుండి మరుగుదొడ్డికి, నీళ్లకుళాయికి నడుమెత్తున త్రాడు కట్టుట, గడప అంచునకు తెల్లసున్నము పూయుట, వస్తువులను నిత్యము ఒకే చోట నుంచుట, చేతికర్ర వాడించుట, ఇవి ఖర్చులేని వైద్యములు. మన థింసా నృత్యమును చూడుడు: ఒకరి వీపువెనుకగా నొకరు చేతులు కలిపి, డప్పు లయకు అడుగు కలిపి, వరుస వరుసయే కదలు ఆ ఆటలో ప్రక్కవారి దేహమే త్రోవ చూపును, చూపులేని స్త్రీని దానినుండి తొలగించి గట్టుమీద కూర్చుండబెట్టుటకు నాకు ఏ కారణమును తోచదు. కాళ్లకును గుండెకును మనస్సునకును ఇంతకంటె మంచి వ్యాయామము ఎక్కడను దొరకదు.

చూపుమాంద్యముచేత బడిచదువునకు దూరమైన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు 1936లో విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షులైరి. ఆయన వాయులీనమును ఎరుగని తెలుగువారు ఆ తరమున అరుదు. సంగీతమైనచో సరే, చూపులేనివారు పరుగులిడగలరా యని శంకించువారికి నిన్నమొన్నటి ఉదాహరణము కలదు. 2025 నవంబరు 23న కొలంబోలో నేపాలును ఓడించి, అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్పును గెలిచిన భారతజట్టులో మన అల్లూరి సీతారామరాజు జిల్లాబిడ్డ పాంగి కరుణకుమారి యున్నది. ఆ ఆటలో బంతిలోపల గలగలలాడు గుండ్లుండును. ఆ చప్పుడునుబట్టి బంతి రాకను పసిగట్టి కొట్టుదురు, పరుగెత్తుదురు.

హక్కుల మాట. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అంధత్వమును అల్పదృష్టిని రెంటిని గుర్తించినది. సదరం శిబిరమున పరీక్షించి 40 శాతమునకు తక్కువకాని లోపమున్నదని ధ్రువపత్రమిచ్చినచో పింఛనునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఆంధ్రప్రదేశమున 2024 జూలైనుండి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అయితే శుక్లము గలవారు పింఛను పోవునను భయమున చికిత్స మానుట కలదు. వారికి నేను చెప్పునది, చూపుతో నడచు మనిషి ఇంటికి చేయు మేలు ఆ పైకమునకు మించినదని.

ఇక పెద్దవారిని నడిపించు పద్ధతి. వెనుకనుండి త్రోయకుడు, చేయి పట్టి ఈడ్వకుడు. మీ మోచేతిపైభాగమును వారికి అందించి, వారు పట్టుకొనిన పిదప మీరు అర అడుగు ముందు నడువుడు. గుంతకును, గట్టునకును, గెడ్డరాతికిని ముందుగ ఆగి, ఎక్కవలెనో దిగవలెనో నోటితో చెప్పుడు. రోజుకొక్కసారియైనను, వానలేని వేళ చూచి, పొలమువరకో ఊరిచావడివరకో వారిని ఇట్లు వెంటబెట్టుకొని పొండు. వేగము వారిదిగా నుండనిండు.